తూకం నుండి పట్టిక వరకు: పరిశోధనా క్షేత్రంలోని ఒక సంఖ్య కంప్యూటరులో చేసే ప్రయాణం

వరి రకాల పరీక్షా ఫలితాలను తెలిపే పట్టికలో ప్రతి రకానికి ఎదురుగా, హెక్టారుకు ఇన్ని కిలోలు అని దిగుబడి సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ సంఖ్యను బట్టి ఒక రకం చిరుసంచుల పరీక్షకు ఎంపికవుతుంది. మరొక రకం అక్కడితో ఆగిపోతుంది. నారుమడిలో ఏ విత్తనం చల్లుకోవాలన్న రైతు నిర్ణయం కూడా తుదకు కొంతవరకు ఆ సంఖ్యపైనే ఆధారపడుతుంది. అయితే పట్టికలో కనిపించే దిగుబడి పొలంలో పుట్టినది కాదు. పొలంలో లభించినది కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూచిన గింజల బరువు మాత్రమే. ఆ బరువుకూ పట్టికలోని దిగుబడికీ మధ్య నేడు తప్పనిసరిగా ఒక కంప్యూటరు ఉంటున్నది.

కంప్యూటరు చేసే పనిని నాలుగు భాగాలుగా చెప్పడం పరిపాటి. సమాచారాన్ని స్వీకరించడం ఇన్‌పుట్. దానిపై లెక్కలు చేయడం ప్రాసెసింగ్. ఫలితాన్ని చూపడం అవుట్‌పుట్. అవసరమైనంత కాలం దాచి ఉంచడం నిల్వ. పాఠశాల పుస్తకాలలో సైతం కనిపించే ఈ విభజన చాలా సరళంగా తోస్తుంది. కానీ ఈ నాలుగు దశలలో ఏ దశలోనూ యంత్రానికి వరి అంటే ఏమిటో, తేమ అంటే ఏమిటో, ఎలుకలు కొట్టిన మడి అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి అంకెలు, ఆదేశాలు మాత్రమే. కాబట్టి పొలంలోని వాస్తవం ఏ దశలో జారిపోగలదో తెలిసి ఉండడం, ఆ యంత్రాన్ని వాడే పరిశోధకునికి, విద్యార్థికి, విస్తరణాధికారికి అత్యవసరం. ఒక మడి దిగుబడిని ఉదాహరణగా తీసుకొని ఆ నాలుగు దశలను పరిశీలించవచ్చు.

వ్యవసాయ పరిశోధనలోకి కంప్యూటరు

వ్యవసాయ ప్రయోగాలకూ గణన యంత్రాలకూ ఉన్న అనుబంధం చాలా పాతది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో 1843లో ప్రారంభమైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. ఏళ్ల తరబడి పోగుపడిన ఆ దిగుబడి లెక్కలను విశ్లేషించడానికి 1919లో రొనాల్డ్ ఫిషర్ అక్కడ చేరారు. ఆనాడు లెక్కలన్నీ చేతితో తిప్పే యంత్రాలపైనే సాగేవి. ఫిషర్ అనంతరం గణాంక విభాగానికి అధిపతి అయిన ఫ్రాంక్ యేట్స్ హయాంలో, 1954లో, ఇలియట్ 401 అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరు రోథామ్‌స్టెడ్‌కు వచ్చింది. వ్యవసాయ ప్రయోగాల విశ్లేషణకు క్రమం తప్పకుండా వాడిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి.

నేటి యంత్రాలలో ఒక చిన్న చట్రంలో ఇమిడి కనబడకుండా ఉండే నాలుగు భాగాలు ఆ యంత్రంలో కంటికి కనబడేవి. మడి దిగుబడులను రంధ్రాలుగా మార్చిన కాగితపు టేపు ఇన్‌పుట్. వాల్వులతో నిండిన బీరువాలు లెక్కించే భాగం. తిరిగే అయస్కాంత పళ్లెం నిల్వ; అందులో ఒక్కొక్కటి 32 బిట్ల పొడవున్న సంఖ్యలు మూడు వేల లోపే పట్టేవి. విద్యుత్ టైపురైటరు అవుట్‌పుట్. మన దేశంలో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో 1956 నాటికి ఎలక్ట్రానిక్ కంప్యూటరు పనిచేయసాగింది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా గణాంక సంస్థలో 1964లో ఐబీఎం 1620 యంత్రాన్ని నెలకొల్పారు. ఆనాటి యంత్రాలతో పోలిస్తే నేటి ల్యాప్‌టాప్ వేగంలోనూ, నిల్వ సామర్థ్యంలోనూ ఎన్నో లక్షల రెట్లు ముందున్నది. పని క్రమం మాత్రం మారలేదు.

ఇన్‌పుట్: పొలం అంకెగా మారే చోటు

వరి పరీక్షలో ఒక మడి నుండి అంచు వరుసలను వదలి, 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల నికర మడిని కోశారనుకుందాం. వైశాల్యం 20 చదరపు మీటర్లు. గింజలను ఎలక్ట్రానిక్ తూకంపై ఉంచినప్పుడు అందులోని లోహపు దిమ్మె అతి స్వల్పంగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని వాహకపు పట్టీ సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పు వలన కలిగే వోల్టేజిని ఒక చిప్ అంకెగా మారుస్తుంది. తెరపై 12.5 కిలోలు అని కనిపిస్తుంది. అవిచ్ఛిన్నంగా మారే భౌతిక పరిమాణాన్ని మెట్లు మెట్లుగా ఉండే అంకెగా మార్చే ఈ పనియే నిజమైన మొదటి ఇన్‌పుట్. 100 గ్రాముల మెట్లతో చూపే తూకం 12.46 కిలోలను, 12.54 కిలోలను ఒకే విధంగా 12.5 అని చూపుతుంది. ఇక్కడ పోయిన సమాచారాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

తరువాత ఆ సంఖ్య క్షేత్ర నమోదు పుస్తకంలోకి, అక్కడి నుండి కీబోర్డు ద్వారా కంప్యూటరులోకి వెళుతుంది. 12.5 అని టైపు చేసినప్పుడు యంత్రానికి ముందుగా చేరేది బరువు కాదు, నాలుగు గుర్తుల వరుస. ఆ గుర్తుల సంకేత సంఖ్యలు 49, 50, 46, 53. అవి అంకెలేనని సాఫ్ట్‌వేరు నిర్ధారించుకున్న తరువాతనే వాటిని ఒకే సంఖ్యగా మార్చి, ద్విసంఖ్యామానంలో 1100.1 అనే రూపానికి సమానమైన బిట్లుగా ఉంచుకుంటుంది. ఈ నిర్ధారణ కుదరకపోతే అది గుర్తుల వరుసగానే మిగిలిపోతుంది. సున్నాకు బదులు ఆంగ్ల ‘ఓ’ అక్షరం పడినా, సంఖ్య పక్కన ‘కిలోలు’ అని రాసినా ఇదే జరుగుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో సరాసరి కనుగొనే సూత్రం అటువంటి గడిని హెచ్చరిక లేకుండా వదిలివేస్తుంది. నాలుగు మడుల సరాసరి అని భావించినది నిజానికి మూడు మడుల సరాసరి అవుతుంది.

యంత్రం సహాయం చేయబోయి కలిగించే పొరపాటు మరొకటి ఉన్నది. వరుసల మధ్య 20, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరాన్ని 20-10 అని నమోదు చేస్తే స్ప్రెడ్‌షీట్ దానిని అక్టోబరు 20వ తేదీగా మార్చివేయవచ్చు. ఇదే కారణంగా మార్చి, సెప్టెంబరు నెలల సంక్షిప్త పేర్లను పోలిన కొన్ని మానవ జన్యువుల పేర్లు పరిశోధనా ఫైళ్లలో తేదీలుగా మారిపోతూ వచ్చాయి. తుదకు జన్యువులకు పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘమే ఆ పేర్లను మార్చవలసి వచ్చింది. ఆ మార్పులను వివరించే మార్గదర్శకాలు 2020లో వెలువడ్డాయి. నమోదు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను అక్షర రూపంగా నిర్దేశిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

సున్నా, ఖాళీ ఒకటి కావు

ఇన్‌పుట్ దశలో అన్నిటికంటె ప్రమాదకరమైనది సున్నాకూ ఖాళీకీ మధ్య భేదాన్ని పాటించకపోవడం. ఒక రకాన్ని నాలుగు రెప్లికేషన్లలో నాటారు. హెక్టారుకు టన్నులలో మూడు మడుల దిగుబడులు 5.2, 5.0, 4.8 గా వచ్చాయి. నాలుగవ మడి గట్టు తెగి కొట్టుకుపోయింది. ఆ గడిలో ఏమీ రాయకపోతే సరాసరి 15.0 ను 3 చేత భాగించగా 5.00 టన్నులు. అదే గడిలో సున్నా రాస్తే 15.0 ను 4 చేత భాగించగా 3.75 టన్నులు. రకంలో ఏ లోపమూ లేదు. గట్టు తెగడం రకపు గుణం కాదు. అయినా పట్టికలో అది హెక్టారుకు 1.25 టన్నులు తక్కువ ఇచ్చే రకంగా నిలుస్తుంది. బహుశా మరుసటి ఏడాది పరీక్షకు దానిని ఎంపిక చేయరు.

దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంటుంది. ఒక రకం దోమపోటుకు లోనై పూర్తిగా ఎండిపోయి ఉంటే, దోమను తట్టుకోలేకపోవడం ఆ రకపు గుణమే. అక్కడ సున్నా నిజమైన దిగుబడి. ఖాళీగా వదలితే రకానికి లేని మేలు చేసినట్లవుతుంది. రెండు గడులలో ఏది సున్నా, ఏది ఖాళీ అన్నది పొలం చూసిన మనిషి మాత్రమే చెప్పగలడు. అందుకే క్షేత్ర నమోదు పుస్తకంలో మడి పోయిన కారణాన్ని రాసే ‘రిమార్కులు’ అనే వరుస దిగుబడి వరుసతో సమానమైన విలువ గలది. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు సాధారణంగా వదిలివేసేది కూడా ఆ వరుసనే.

పోయిన మడి సమస్యను కంప్యూటర్లకు ముందే గణాంక శాస్త్రజ్ఞులు పట్టించుకున్నారు. రోథామ్‌స్టెడ్‌లో ఎలక్ట్రానిక్ కంప్యూటరును ప్రవేశపెట్టిన యేట్స్, అంతకు రెండు దశాబ్దాల ముందు, 1933లో, అసంపూర్ణ ప్రయోగాల విశ్లేషణపై వ్యాసం ప్రచురించారు. యాదృచ్ఛిక బ్లాకుల ప్రయోగంలో పోయిన మడి ఉన్న బ్లాకు మొత్తం, ఆ రకం మొత్తం, ప్రయోగమంతటి మొత్తం అనే మూడింటి నుండి ఆ మడి విలువను అంచనా వేసే పద్ధతి నేటికీ వ్యవసాయ కళాశాలలలో బోధనాంశమే. ఆ అంచనా కొత్త సమాచారం కాదు గనుక, దోషానికి చెందిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంలో ఒకటి తగ్గించాలి. నేటి సాఫ్ట్‌వేర్లు ఈ పనిని తామే చేస్తాయి; అయితే ఏ మడి పోయినదో వాటికి ముందుగా తెలపాలి. పోయిన మడికి 999 అనే గుర్తు పెట్టి, ఆ సంగతి సాఫ్ట్‌వేరుకు చెప్పకపోతే, అది దానిని కూడా దిగుబడిగానే లెక్కిస్తుంది.

ప్రాసెసింగ్: ఆదేశించినదే జరుగుతుంది

సంఖ్య లోపలికి చేరిన తరువాత లెక్కించే బాధ్యత కేంద్ర ప్రాసెసరుది. అందులో ముఖ్య భాగాలు మూడు. నియంత్రణ విభాగం ప్రోగ్రాములోని ఆదేశాలను ఒకదాని తరువాత ఒకటి మెమొరీ నుండి తెచ్చుకొని, వాటి అర్థాన్ని గుర్తించి, అమలు చేయిస్తుంది. గణిత తర్క విభాగం కూడికలు, గుణకారాలు, పోల్చడం వంటి పనులు చేస్తుంది. లెక్కలో ఉన్న సంఖ్యలను క్షణకాలం నిలిపి ఉంచే అతిచిన్న స్థానాలు రిజిస్టర్లు. తెచ్చుకోవడం, గుర్తించడం, అమలు చేయడం అనే ఈ చక్రం సెకనుకు కోట్ల సార్లు తిరుగుతుంది.

12.5 కిలోల మడి దిగుబడిని హెక్టారు దిగుబడిగా మార్చే లెక్కను చూద్దాం. కోత సమయంలో గింజలలో తేమ 20 శాతం ఉన్నది. వరి దిగుబడిని 14 శాతం తేమ వద్ద చెప్పడం రివాజు. అందుచేత 12.5 ను 80 చేత గుణించి 86 చేత భాగించాలి. ఫలితం 11.628 కిలోలు. 20 చదరపు మీటర్ల నుండి హెక్టారుకు మార్చడానికి దానిని 500 చేత గుణించాలి. హెక్టారుకు 5,814 కిలోలు. ప్రాసెసరు చేసినది రెండు గుణకారాలు, ఒక భాగహారం. పట్టిన కాలం రెప్పపాటులో అత్యల్ప భాగం.

ఇప్పుడు తేమను సవరించే ఆదేశం ప్రోగ్రాములో లేదనుకుందాం. యంత్రం 12.5 ను నేరుగా 500 చేత గుణించి 6,250 కిలోలు అని చూపుతుంది. అదే పరీక్షలో మరొక రకం 14 శాతం తేమ వద్ద కోతకు వచ్చి 12.0 కిలోలు తూగింది; దాని దిగుబడి 6,000 కిలోలు. తేమను సవరిస్తే రెండవ రకం 186 కిలోలు అధికంగా ఇచ్చింది. సవరించకపోతే మొదటి రకం 250 కిలోలు అధికంగా ఇచ్చినట్లు కనిపిస్తుంది. గెలిచిన రకం ఓడింది. ఓడిన రకం గెలిచింది. రెండు లెక్కలలోనూ యంత్రం గుణకారంలో ఏ తప్పూ చేయలేదు. నీటి బరువును గింజ బరువుగా భావించినది ఆదేశం రాసిన మనిషి. పచ్చిగా కోతకు వచ్చే రకాలకు ఇటువంటి లెక్క ప్రతి పరీక్షలోనూ అనర్హమైన లాభం చేకూరుస్తుంది. ఒకే దిశలో పదేపదే జరిగే తప్పు గనుక రెప్లికేషన్లు పెంచినా అది తొలగదు.

అంకెల పొడవుకు ఉన్న హద్దు

లెక్క సక్రమమైనప్పటికీ యంత్రం సంఖ్యను నిలుపుకునే తీరు వలన కొన్ని తేడాలు వస్తాయి. మూడవ వంతును దశాంశాలలో 0.333 అని ఎంత దూరం రాసినా ముగియనట్లే, పదవ వంతు, అంటే 0.1, ద్విసంఖ్యామానంలో ముగియదు. కంప్యూటరు దానిని ఒక చోట ఆపి దగ్గరి విలువను ఉంచుకుంటుంది. 1985లో ఏర్పడిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్లతో నిలిపే సంఖ్యలో సుమారు 15 నుండి 16 దశాంశ అంకెల వరకు ఖచ్చితత్వం ఉంటుంది. 32 బిట్లతో అయితే సుమారు 7 అంకెలు మాత్రమే. మడి దిగుబడి విషయంలో ఈ తేడా సామాన్యంగా పట్టించుకోదగినది కాదు. కానీ లెక్క చేసే పద్ధతిని బట్టి అది ఒక్కసారిగా పెద్దది కావచ్చు.

కళాశాలలో నేర్పే ‘కరెక్షన్ ఫాక్టర్’ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. 5001, 5002, 5003 అనే మూడు దిగుబడుల వర్గాల మొత్తం 7,50,60,014. కరెక్షన్ ఫాక్టర్, అంటే మొత్తం 15,006 యొక్క వర్గాన్ని 3 చేత భాగించగా వచ్చేది, 7,50,60,012. వీటి తేడా 2. ఈ 2 మడుల మధ్య ఉన్న వైవిధ్యానికి కొలత. ఏడు అంకెల వరకే నిలుపుకునే యంత్రంలో రెండు సంఖ్యలూ 7,50,60,010 గానే మిగులుతాయి, తేడా సున్నా. మూడు మడులూ అచ్చం ఒకేలా పండినట్లు యంత్రం చెబుతుంది. అదే ముందుగా సరాసరి 5002 ను ప్రతి దిగుబడి నుండి తీసివేసి, మిగిలిన −1, 0, 1 ల వర్గాలను కూడితే ఏ యంత్రంలోనైనా 2 వస్తుంది. కాగితంపై రెండు పద్ధతులూ సమానమే. యంత్రంలో సమానం కావు. విశ్వసనీయమైన గణాంక సాఫ్ట్‌వేర్లు రెండవ తరహా పద్ధతులనే అనుసరిస్తాయి. సొంతంగా ప్రోగ్రాము రాసుకునే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మెమొరీ వేరు, నిల్వ వేరు

లెక్క జరుగుతున్నంతసేపు సంఖ్యలు, ఆదేశాలు ఉండే చోటు ర్యామ్ అనే మెమొరీ. అందులో ఒక్కొక్క బిట్‌ను అతిసూక్ష్మమైన కెపాసిటరులో విద్యుదావేశంగా ఉంచుతారు. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది గనుక సెకనులో స్వల్ప భాగానికి ఒకసారి దానిని తిరిగి నింపుతూ ఉండాలి. విద్యుత్తు పోతే అందులోనిదంతా పోతుంది. బ్యాటరీ లేని కంప్యూటరులో సాయంత్రం వరకు నమోదు చేసి, ఫైలును భద్రపరచక ముందే కరెంటు పోయిన పరిశోధనా కేంద్రానికి ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు.

ఫైలును భద్రపరచడం అంటే ర్యామ్‌లోని బిట్లను విద్యుత్తు లేకపోయినా నిలిచే మాధ్యమంలోకి నకలు చేయడం. హార్డ్ డిస్కులో అవి పళ్లెంపై పూతలోని అయస్కాంత దిశలుగాను, పెన్‌డ్రైవులోను, ఎస్‌ఎస్‌డీలోను విద్యుత్ నిరోధక పొరల మధ్య చిక్కుకున్న ఆవేశంగాను నిలుస్తాయి. ఇవి కూడా శాశ్వతం కావు. డిస్కు చెడిపోవచ్చు, పెన్‌డ్రైవు పోవచ్చు, వైరస్ సోకవచ్చు. అందుచేత మూడు నకళ్లు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాలు, వాటిలో ఒకటి వేరొక ఊరిలో లేదా దూరపు సర్వరులో అనే నియమాన్ని సమాచార నిర్వాహకులు పాటిస్తారు. ఒక ఖరీఫ్ ప్రయోగం మరల అదే వానతో, అదే ఎండతో జరగదు. పోయిన దత్తాంశాలను కొనలేము.

భౌతికంగా బిట్లు క్షేమంగా ఉన్నా వాటి అర్థం పోవచ్చు. దీనికి తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ పాత తెలుగు ఫాంట్లు. యూనికోడ్ వాడుక వ్యాపించక ముందు ఒక్కొక్క ఫాంటు తయారీదారు తెలుగు అక్షరాలకు తనకు తోచిన సంకేత సంఖ్యలను వాడుకున్నాడు. ఆనాడు రాసిన ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఆంగ్లాక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. బిట్లు ఒక్కటి కూడా మారలేదు. వాటిని చదివే తాళంచెవి మాత్రమే పోయింది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు గుర్తుకూ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. ‘వరి’ అనే మాటలో వ, ర, గుడి అనే మూడు గుర్తుల సంఖ్యలు 3125, 3120, 3135. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, మాట మొత్తం తొమ్మిది బైట్లు. రైతుల నుండి సేకరించిన పాత దేశవాళీ రకాల పేర్లు, తెగుళ్లకు స్థానికంగా ఉన్న పేర్లు యూనికోడ్‌లో నిల్వ ఉంటేనే ముందు తరం వారు వాటిని వెదకగలరు.

సంఖ్యలకు కూడా తాళంచెవి కావాలి. పదేళ్ల తరువాత తెరచిన ఫైలులో ‘దిగుబడి-2’ అనే నిలువు వరుస ఉంటే అది తేమ సవరించినదో కాదో, కిలోలో టన్నులో ఎవరికి తెలుస్తుంది? ప్రతి వరుసకు పూర్తి పేరు, ప్రమాణం, కొలిచిన పద్ధతి, పోయిన మడికి వాడిన గుర్తు తెలిపే వివరణ పత్రాన్ని అదే ఫైలుతో పాటు దాచాలి. రోథామ్‌స్టెడ్‌లో 1843 నుండి సేకరించిన నేల, గింజ, గడ్డి నమూనాలు సీసాలలో నేటికీ ఉపయోగపడుతున్నాయంటే, వాటిపై అంటించిన చీటీలు కూడా నిలిచి ఉండడమే కారణం.

అవుట్‌పుట్: చూపినదంతా తెలిసినది కాదు

తెరపైన, ముద్రిత పత్రంపైన, సెల్‌ఫోన్ సందేశంలో కనిపించేది అవుట్‌పుట్. లోపల బిట్లుగా ఉన్న సంఖ్యను తిరిగి మనం చదవగలిగే గుర్తులుగా మార్చడమే ఇక్కడి పని. ఎన్ని దశాంశాలు చూపాలో చెప్పకపోతే యంత్రం పై మడి దిగుబడిని 5813.953488 అని చూపవచ్చు. ఈ అంకెల పొడవు చూసి ఎంత ఖచ్చితమైన కొలతో అనిపిస్తుంది. కానీ మూలంలోని తూకం 50 గ్రాములు అటూ ఇటూగా ఉండవచ్చు. తేమ సవరణ చేసి హెక్టారుకు మార్చితే ఆ 50 గ్రాములే సుమారు 23 కిలోలు అవుతాయి. అంటే 5814 లో చివరి అంకెకే గట్టి ఆధారం లేదు. దశాంశాల సంగతి చెప్పనక్కరలేదు. లెక్క మధ్యలో అంకెలను కత్తిరించకూడదు. ముగిసిన తరువాత తూకం భరించగలిగినన్ని అంకెలే చూపాలి.

అవుట్‌పుట్ రైతుకు చేరినప్పుడు ప్రమాణాల విషయం మరింత కీలకమవుతుంది. భూసార పరీక్షా కేంద్రంలో భాస్వరాన్ని మూలక రూపంలోనూ, ఎరువుల లెక్కలో ఆక్సైడు రూపంలోనూ చెప్పడం వాడుక. మూలక భాస్వరాన్ని 2.29 చేత గుణిస్తే ఆక్సైడు రూపం వస్తుంది. హెక్టారుకు 24 కిలోల మూలక భాస్వరం అంటే ఆక్సైడు రూపంలో 55 కిలోలు. కార్డుపై 24 అనే అంకె మాత్రమే ఉండి, ఏ రూపమో లేకపోతే, చదివేవారు రెండింతలకు పైగా తేడాతో అర్థం చేసుకునే అవకాశం ఉన్నది. ఆ తేడా నేరుగా రైతు కొనే ఎరువు బస్తాల లెక్కలో తేలుతుంది. హెక్టారుకు అని ముద్రించిన మోతాదును ఎకరాకు అని భావించినా ఇదే పరిస్థితి. యంత్రం తన పని సక్రమంగా ముగించింది. ఆ అంకెకు అర్థమిచ్చే ఒక్క మాట ముద్రణలో లోపించింది.

పాటించదగిన జాగ్రత్తలు

పై దశలన్నిటిని దృష్టిలో ఉంచుకొని పరిశోధనా కేంద్రాలలో కొన్ని పద్ధతులను అలవరచుకోవడం మేలు.

1. దత్తాంశాలను ఇద్దరు వేర్వేరుగా నమోదు చేసి, రెండు ఫైళ్లను యంత్రం చేతనే పోల్చి చూడాలి. 12.5 కు బదులు 15.2 అని తారుమారైన అంకెలను పట్టుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు.

2. ప్రతి వరుసకు సంభావ్యమైన కనిష్ఠ, గరిష్ఠ హద్దులను నిర్దేశించాలి. తేమ గడిలో 200 అని పడితే యంత్రం అక్కడే ఆపివేయగలదు. అయితే హద్దుల లోపల జరిగే పొరపాటును ఈ పద్ధతి పట్టలేదు.

3. పోయిన మడికి, దిగుబడి లేని మడికి వేర్వేరు గుర్తులు వాడాలి. కారణాన్ని రిమార్కుల వరుసలో రాసి, ఆ వరుసను కూడా కంప్యూటరులోకి ఎక్కించాలి.

4. పొలం నుండి వచ్చిన మూల దత్తాంశాల ఫైలును ఎన్నడూ మార్చకూడదు. తేమ సవరణ వంటి లెక్కలు నకలు ఫైలులో చేసి, చేసిన క్రమాన్ని రాసి ఉంచాలి. క్షేత్ర నమోదు పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించిన తరువాత కూడా పారవేయరాదు.

5. కొత్త ప్రోగ్రాము లేదా స్ప్రెడ్‌షీట్ సూత్రాన్ని వాడే ముందు ఒక మడి లెక్కను కాగితంపై చేసి సరిపోల్చుకోవాలి.

6. ప్రతి పట్టికలో ప్రమాణం, తేమ శాతం, సరాసరి ఎన్ని మడులకు చెందినదో తెలపాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ ఖరీదైన పరికరం అవసరం లేదు. మడి వద్ద నిలబడి చూసినవారు, కీబోర్డు వద్ద కూర్చున్నవారు, విశ్లేషణ చేసినవారు తరచుగా వేర్వేరు వ్యక్తులు కావడం నేటి పరిశోధనా వ్యవస్థలో సహజం. యంత్రం ఈ ముగ్గురి మధ్య అంకెలను అతివేగంగా చేరవేస్తుంది. అంకెతో పాటు ఉండవలసిన సందర్భాన్ని మాత్రం ఎవరో ఒకరు రాసి పంపితే తప్ప చేరవేయదు. విశ్లేషణ ముగిసిన పట్టికను ప్రచురణకు పంపే ముందు, ఆ మడులను కళ్లారా చూసిన క్షేత్ర సిబ్బందికి ఒకసారి చూపించడం మంచి ఆచారం. హెక్టారుకు 3.75 టన్నులు అన్న అంకెను చూసి, ఆ రకం చేను బాగానే ఉన్నదని, నాలుగవ మడి గట్టు తెగినదని వారు గుర్తు చేయగలరు. ఆ ఒక్క మాటతో ఒక మంచి రకం మరుసటి ఏడాది పరీక్షలో నిలుస్తుంది.